పసుపు చుక్క

ఎర్రగుంట ఓపెన్ కాస్టు గనిలో మట్టిగుట్ట జారిన మూడో నాడు ఉపేందర్ సారు చంకలో కంప్యూటరు పెట్టుకుని రేకుల షెడ్డు దగ్గరికి వచ్చాడు. వాన అప్పుడే వెలిసింది. బూట్లకు పట్టిన ఎర్రమట్టిని బయట రాయికి గీకాడు. లోపల ఉన్నవాళ్ల ముఖాలు చూశాడు. ఏమనుకున్నాడో, బూట్లు విప్పి పక్కన పెట్టి మేజోళ్లతోనే లోపలికి వచ్చాడు, చావు జరిగిన ఇంట్లోకి వచ్చినట్టు.

సుసన్నా అది గమనించింది. ఈ మూడు రోజులుగా వచ్చిపోతున్న అధికారులలో బూట్లు విప్పినవాడు ఇతనొక్కడే.

షెడ్డుకు వెనక ఇటుక గోడ ఉంది, మిగిలిన వైపులా ఖాళీ. ముందు నిలబడితే గని మొత్తం కనిపిస్తుంది. బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టిని ఒక పక్కన పోసీ పోసీ అది గుట్ట అయింది. దాని మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి. గనిలో చేరే వాననీళ్లను తోడడానికి ఆ గుట్ట కింద ఒక పంపు పెట్టారు. పంపుకు చోటు చాలకపోతే గుట్ట పాదాన్ని నిలువుగా చెక్కారు. అట్లా మనిషి ఎత్తుకు మించిన మట్టిగోడ ఒకటి తయారైంది. ఆ గోడ ముందు, ఆ పంపు దగ్గర డ్యూటీ చేసేవాడు సుసన్నా భర్త శాంతిరాజ్. ఇప్పుడు గోడా లేదు, పంపూ లేదు. గుట్ట నిలువునా చీలి, ఒక సగం నాలుక చాపినట్టు గనిలోకి పరుచుకుంది. రెండో సగం విరిగిన చోట పచ్చిగా, నిట్టనిలువుగా నిలబడి ఉంది. పరుచుకున్న మట్టి కొస దగ్గర రెండు పొక్లెయిన్లు తవ్వుతున్నాయి. శాంతిరాజ్ ఇంకా దొరకలేదు.

"జర దగ్గరికి రాన్రి. అక్కడనే ఎందుకు తవ్వుతున్నమో మీకు చూపియ్యమన్నడు మేనేజర్ సారు" అంటూ ఉపేందర్ కంప్యూటరును బెంచీ మీద తెరిచాడు. అతను గుట్టలు ఎప్పుడు జారతాయో, ఎంత దూరం జారతాయో లెక్కగట్టే ఇంజినీరు. వయసు ముప్పై దాటి ఉండదు.

సుసన్నా మామ యోబు కళ్లద్దాలు సవరించుకుని ముందుకు జరిగాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన గని పైన లాంపు రూములోనే పనిచేశాడు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం ఆయన పని. లోపలికి ఒక్కనాడూ దిగలేదు.

తెర మీద గుట్ట వచ్చింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గింజలతో చేసిన గుట్ట. అంగన్‌వాడీలో తాను పిల్లలకు రంగులు నేర్పే పూసలు గుర్తొచ్చాయి సుసన్నాకు. ఉపేందర్ నెమ్మదిగా చెప్పాడు. ఒక్కో గింజ కొంత మట్టి. దానికి ఇంత బరువు, ఇంత తడి అని చెప్పి వదిలితే, ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ అసలు గుట్ట ఎట్లా జారిందో ఇవీ అట్లాగే జారతాయి. మట్టి కింద పడ్డది ఎక్కడికి కొట్టుకుపోతుందో కూడా తెలుస్తుంది.

గుట్ట అడుగున పసుపు రంగు చుక్క ఒకటుంది.

"గదేంది?" అన్నాడు యోబు.

"అది మీ అబ్బాయి" అన్నాడు ఉపేందర్.

యోబు వేలు చాపాడు. తెరను తాకబోయి ఆగిపోయాడు.

గింజలు కదిలాయి. మొదట పైన ఒక పొర, తరువాత దాని కిందిది. పసుపు చుక్క గుట్టకు వీపు తిప్పి ఉరకడం మొదలుపెట్టింది. యోబు పెదాలు కదిలాయి. "జల్ది. జల్ది బిడ్డా" అంటున్నాడాయన, తనకే వినపడనంత మెల్లగా. గింజలు చుక్కను అందుకున్నాయి. చుక్క వాటిలో మునిగి, వాటితోపాటు దొర్లి, చాలా దూరం పోయి ఆగింది. ఆగిన చోట ఎర్రటి గుర్తు పడింది. పొక్లెయిన్లు తవ్వుతున్నది సరిగ్గా అక్కడే.

"ఇంకొక్కసారి ఏస్తవా సారూ" అన్నాడు యోబు.

ఉపేందర్ సుసన్నా వైపు చూశాడు. అతను మళ్లీ వేశాడు. చుక్క మళ్లీ ఉరికింది. యోబు మళ్లీ జల్ది అన్నాడు. మూడోసారి అడగబోతుంటే ఉపేందర్ కంప్యూటరు మూసి, "రేపు, ఎల్లుండి తవ్వుతరు. ఆ జాగల దొరకాలె" అని చెప్పి బూట్లు తొడుక్కున్నాడు.

అతను పోయాక సదయ్య కింద నుంచి చాయ కోసం పైకి వచ్చాడు. పొక్లెయిన్ నడుపుతున్న ఇద్దరిలో అతనొకడు. పాత బాయి అని పిలిచే భూగర్భ గనిలో శాంతిరాజ్‌కు జోడీ. కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పనిలో ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే కర్రకు చెరో కొసన ఉన్నారు. ఆ గని మూతపడ్డాక సదయ్యను మిషను మీద, శాంతిరాజ్‌ను పంపు మీద వేశారు. క్యాంటీన్ రాయమల్లు గ్లాసు అందించాడు. సదయ్య దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోతుండగా పక్క గని నుంచి పేలుడు వినిపించింది. మనిషి మట్టిలో ఉన్నా పక్క గనిలో బొగ్గు ఆగలేదు. రేకులు గడగడలాడాయి. బెంచీ అదిరింది.

సదయ్య అప్పటికే షెడ్డు మధ్యలో లేడు. వెనక ఇటుక గోడకు వీపు ఆనించి, ముఖం పక్కకు తిప్పి, కుడిచేతిని అడ్డంగా చాచి నిలబడ్డాడు. గ్లాసులో చాయ తొణకలేదు.

"ఏంది సదన్నా, వీపుతోని గోడకు సున్నం ఏస్తున్నవా?" అన్నాడు రాయమల్లు.

"అలవాటురా అయ్యా" అంటూ సదయ్య సిగ్గుపడి ఇవతలికి వచ్చాడు. "కప్పు కింద బతికినోనికి ఆకాశం మీద నమ్మకముండదు."

సుసన్నా అతనినే చూస్తోంది. ఆ నిలబడడం ఆమె ఇంట్లో రోజూ చూసిందే. మధ్యాహ్నం పేలుడుకు క్వార్టర్ గోడలు అదిరినప్పుడల్లా శాంతిరాజ్ అన్నం కంచం ముందు నుంచి లేచి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా గోడకు అతుక్కుపోయేవాడు. కూతురు శాలిని పక్కన ఉంటే ఆమె ముందు చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఇది బాయి కాదు నాన్నా, ఇల్లు" అని శాలిని నవ్వేది. ముద్ద కింద పడేది కాదు.

"ఏం వదినె, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు సదయ్య.

"ఏం లేదు" అంది సుసన్నా. "చాయ సల్లారుతది, తాగు."

*

ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదు. సాయంత్రం సదయ్య తల్లి లస్మవ్వ అన్నం గిన్నె కొంగులో పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే కంచాలు తానే తీసింది. "తిను బిడ్డా. ఏడ్వనీకైనా సత్తువ గావాలె గద."

సుసన్నా కలిపి, శాలినికి పెట్టి, తానూ రెండు ముద్దలు తింది. యోబు గడప మీద కూర్చుని చెప్పులకంటిన మట్టిని పుల్లతో తీస్తున్నాడు. చర్చి వెనక, తన భార్య సమాధి పక్కన గుంత తవ్వించి వచ్చాడాయన. వాన పడుతుందని దాని మీద టార్పాలిన్ కప్పించి, నాలుగు మూలలా రాళ్లు పెట్టించాడు.

"అప్పుడే ఎందుకు తవ్విచ్చినవ్ పెద్దమనిషీ. తవ్విన గుంత ఖాళీగ ఉండొద్దంటరు. ఇంకొకల్లను పిలుస్తదంట" అంది లస్మవ్వ.

"ఖాళీగెందుకుంటది? దొరుకుతడు. బొమ్మల చూసిన" అన్నాడు యోబు. "ఏడ ఉన్నడో గుర్తు గూడ పెట్టిన్రు. నా కొడుకు బాగనే ఉరికిండు లస్మవ్వా. ఇంకో నాలుగు అంగలైతే తప్పిచ్చుకునేటోడు."

లస్మవ్వ గిన్నె కడిగి బోర్లించింది. వెళ్లబోతూ సుసన్నా పక్కన కూలబడింది. "నా కొడుకు ఇల్లు మొకం చూస్తలేడు. తువ్వాల ఇద్దామని పోతే మిషన్ మీదికెల్లి దిగలే. శాంతన్నను తియ్యంది రాను, నువ్వు పో అన్నడు. లోపల మనిషిని ఇడిసిపెట్టి పైకి రావద్దని వీళ్ల ఒట్టు గద. పాత బాయిల వెట్టుకున్న ఒట్టు. బాయి మూసిన్రు గని ఒట్టు మూయలే." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. కొడుకు గురించి కొంచెం గర్వమే ఉంది. "నేను గూడ ఒద్దనలే. రేపు నా కొడుకుకే అయితే శాంతిరాజు ఇడిసిపెట్టునా?"

"ఇడిసిపెట్టడు" అంది సుసన్నా.

వాన మళ్లీ మొదలైంది. యోబు లేచి గొడుగు తీసుకున్నాడు. టార్పాలిన్ మీద నీళ్లు నిలిచాయేమో చూసొస్తానని బయలుదేరాడు. సుసన్నా వద్దనలేదు. ఆమె మనసంతా గుట్ట పాదంలో చెక్కిన ఆ మట్టిగోడ దగ్గర ఉంది. అక్కడ ఎవరూ తవ్వడం లేదు.

*

మరునాడు పొద్దున ఆమె ఒక్కతే ఉపేందర్ గదికి వెళ్లింది. గది అంటే గని ఒడ్డున పెట్టిన ఇనుప డబ్బా. లోపల కంప్యూటర్ల కోసం ఏసీ నడుస్తోంది. తడిసిన చీరకు ఒళ్లు వణికింది. ఉపేందర్ లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పసుపు చుక్కను ఎవరు ఉరికిస్తున్నరు సారు?"

అతనికి ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఎవరు ఉరికియ్యరమ్మా. గింజలు వాటంతట అవే జారుతయి. మనిషికి మాత్రం మనం చెప్పాలె. సైరన్ మోగింది కాబట్టి గుట్టకు వీపు పెట్టి, ఖాళీ దిక్కు ఉరికిండని పెట్టిన. ఎవరైనా అట్లనే ఉరుకుతరు."

"ఆయన ఉరకడు."

ఉపేందర్ ఆమెను చూశాడు. సుసన్నా గదిలో చుట్టూ చూసి, చేతిసంచి బల్ల మీద పెట్టి, బీరువా దగ్గరికి నడిచింది. దానికి వీపు ఆనించింది. ముఖం పక్కకు తిప్పింది. కుడిచెయ్యి అడ్డంగా చాచింది. కొంచెంసేపు అట్లాగే నిలబడింది. పరాయి మగవాడి ముందు అట్లా నిలబడవలసి వచ్చినందుకు చెవులు వేడెక్కాయి.

"గిట్ల నిలవడుతడు" అంది ఇవతలికి వచ్చి. "పాత బాయిల కప్పు పడేటప్పుడు ఎటు ఉరికినా మీదనే పడుతదట. గోడకు అతుకున్నోడే బతుకుతడట. ఇంట్ల గూడ అంతే. పేలుడైతే అన్నం కాడికెల్లి లేచి గోడకు పోతడు. ఇక్కడికి మార్చినంక గిది ఓపెన్ కాస్టు, ఇక్కడ గట్ల కాదు, గిట్ల తప్పిచ్చుకోవాలె అని ఎవ్వరు చెప్పలే. పంపు చూపెట్టి పొమ్మన్నరు. ఆ పంపు పక్కకే గోడ ఉండె గద సారు."

ఉపేందర్ కళ్లు దించుకున్నాడు. కుర్చీలో కూర్చుని కంప్యూటరు దగ్గరికి లాక్కున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు, "పంపు నుంచి గోడకు ఎంత దూరముంటది?"

"అన్నం తీస్కపోయినప్పుడు చూసిన. ఇక్కడికెల్లి ఆ తలుపంత."

అతను అంకెలు కొట్టాడు. చుక్కను జరిపాడు. లెక్క తేలేదాకా కంప్యూటరు రొద చేస్తూ ఉండిపోయింది. ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. సుసన్నా ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియదు.

ఈసారి చుక్క ఉరకలేదు. గోడ దగ్గరికి పోయి ఆగింది. గింజలు దాని తల మీదుగా వచ్చాయి. పైనవి ఎంతో దూరం పారి నాలుకలాగా పరుచుకున్నాయి. కిందివి అక్కడే పేరుకున్నాయి. అన్నీ ఆగిపోయాక చూస్తే చుక్క కదలలేదు. ఉన్నచోటే ఉంది. నిన్న ఆ చుక్క ఎవరైనా కావచ్చుననిపించింది. ఇవాళ అది శాంతిరాజ్.

"అక్కడ తవ్వుతరా?" అంది.

ఉపేందర్ బూడిద రంగు డబ్బా ఒకటి తెచ్చి ఆ చోట పెట్టాడు. "ఇది మిషన్" అన్నాడు. డబ్బా ముందున్న గింజలు ఒక్కొక్క దోసెడు మాయమవుతూ వచ్చాయి. చాలాసేపు ఏమీ కాలేదు. సుసన్నా కొంచెం ముందుకు వంగింది. అప్పుడు, విరగకుండా నిలబడి ఉన్న ఆ రెండో సగం పాదం దగ్గర ఒక్కసారిగా వదులై కిందికి కూర్చుంది. డబ్బా కనిపించలేదు.

అతను డబ్బాను ఇంకో పక్క నుంచి తెచ్చాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా తీయించాడు. మళ్లీ అదే జరిగింది. ఇంకో రకంగా చూశాడు. తరువాత చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ముందు ఆ నిలవడ్డ సగం మొత్తం పైకెల్లి దించుకుంట రావాలె. అది గూడ వానలు పొయ్యినంకనే. ఏడాది పని. అన్ని దినాలు గని ఆపరమ్మా."

"ఆ డబ్బల మనిషిని పెట్టిన్రా?"

"లేదు. మిషన్ ఒక్కటే."

"దాంట్ల సదయ్య ఉంటడు" అంది సుసన్నా.

ఉపేందర్ ఆమె వైపు చూడకుండా తెరతో మాట్లాడుతున్నట్టు అన్నాడు, "వానలు పడకముందు గూడ ఈ గుట్టను ఏసి చూసిన. జారుతదనే వచ్చింది. రాసి పంపిన. జవాబు రాలే. అప్పుడు బొమ్మల మనిషిని పెట్టలేదమ్మా. వట్టి మట్టే జారింది. చూసినోళ్లకు అంత ఫికరనిపియ్యలేదేమో."

దానికి అనడానికి సుసన్నా దగ్గర ఉన్నదేదీ ఇప్పుడు ఎవరికీ పనికొచ్చేది కాదు. సంచి అందుకుంది.

"ఇప్పుడు చూసింది నేను రాసియ్యాలె" అన్నాడతను.

"రాస్తే ఏమైతది?"

"మేనేజర్ పని ఆపిస్తడు. తవ్వేది అక్కడ కాదు, అసలు జాగల తవ్వరాదు అని చెప్తడు."

"ఆ జాగ ఏదో మావోళ్లకు తెలుస్తది."

"తెలుస్తది."

"తెలిస్తే ఆగుతరా సారు?"

ఉపేందర్ కిటికీలోంచి కిందికి చూశాడు. వానలోనే రెండు మిషన్లు వంగి లేస్తున్నాయి. "ఆగరు" అన్నాడు.

"రేపు షిఫ్టు మారేదాక తవ్వి ఆపుతమన్నరు గద. ఆపనియ్యున్రి. మిషన్లు ఈడికెల్లి పోయేదాక మీరు రాయకున్రి."

"ఆ జాగల ఏం దొరకదమ్మా."

"తెల్సు" అంది సుసన్నా.

*

ఆ సాయంత్రం నల్లా నీళ్లు వచ్చాయి. సుసన్నా బిందె పెట్టి నిలబడి ఉండగా సదయ్య వచ్చాడు. రెండో మిషను నడిపే గట్టయ్యను తవ్వుతుండమని చెప్పి కాసేపు వచ్చానన్నాడు. బట్టలు ఎర్రగా గట్టిపడ్డాయి. కళ్లు వాచి ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"వదినె, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు."

"నిన్న నేను గోడకు నిలవడ్డప్పుడు నువ్వు నా దిక్కు చూసినవ్. గప్పటిసంది నాకు గదే మతిల తిరుగుతున్నది." అతను గొంతు తగ్గించాడు. "శాంతన్న ఉరకలే. ఆ సారు బొమ్మల ఉరికిండు గని మనోడు ఉరకడు. పంపు ఎనకున్న గోడకు పోయిండు. నేనైనా గటే పోయేటోన్ని. మేం తవ్వేది వట్టి మట్టి వదినె."

సుసన్నా నల్లా కింద బిందెను సరిచేసింది.

"రేపు పని ఆపినంక సార్లందరు పోతరు. నేను, గట్టయ్య మిషన్ అటు తిప్పుతం. ఎవ్వన్ని అడగం. గట్టయ్య ఒప్పుకున్నడు. నువ్వు ఒక్క మాట అను. ఆయన ఇంట్ల గూడ గట్లనే చేస్తుండెనా, లేదా?"

బిందె నిండింది. సుసన్నా వంగి నల్లా కట్టేసింది. బిందె అంచు మీద పడ్డ ఆకును తీసి పారేసింది. లేచి అతని ముఖంలోకి చూసింది.

"చేసేటోడు. మానుకున్నడు సదయ్యా."

"ఏంది?"

"గోడకు పోవుడు. ఎండకాలం నుంచే మానుకున్నడు. ఇక్కడ కప్పు లేదు, గోడనే మీద పడుతది, ఖాళీ జాగకు ఉరకాలె అని తనకు తనే చెప్పుకునేటోడు. పేలుడు కాంగనె గేటు దాక ఉరికేటోడు. నన్ను గూడ చెయ్యి వట్టి ఇగ్గుకపోయేటోడు."

ఇంత అబద్ధం ఆమె ఎన్నడూ ఆడలేదు. ఆడుతున్నప్పుడు శాంతిరాజ్ నిజంగానే అట్లా ఉరికినట్టు, గేటు దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డట్టు కనిపించింది. ఎవరో ఒకరు ఆయనకు ఈ మాట చెప్పి ఉంటే ఈపాటికి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేవాడు.

సదయ్య నమ్మలేదు. "నాకు చెప్పలే" అన్నాడు. "ఇన్నేండ్ల జోడీగాన్ని. నాకు చెప్పకుంట మానుకుంటడా?"

"నవ్వుతవని చెప్పలేదేమో."

గడపలో చప్పుడైంది. శాలిని తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పదో తరగతి పిల్ల. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. సదయ్య ఆమె వైపు తిరిగాడు. "అవునా బిడ్డా? మీ నాయిన బయటికి ఉరుకుతుండెనా?"

సుసన్నా వెనక్కి తిరగలేదు. కళ్లతో సైగ చెయ్యడానికి కూడా వీల్లేదు. సదయ్య ఆమె ముఖానికి ఎదురుగా ఉన్నాడు. పిల్ల నిజం చెబుతుంది, చెప్పాలి కూడా, అలాగే పెంచారు. సుసన్నా నల్లా వైపు చూస్తూ నిలబడింది.

"అవ్ కాకా" అంది శాలిని. "చెప్పులు గూడ ఏసుకోకపోయేటోడు. పక్కింటి జమునక్క చూసి నవ్వేది."

సదయ్య అక్కడే నల్లా గట్టు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని కాసేపు నేలను చూశాడు. "అయితే ఆ బొమ్మ కరెక్టే" అన్నాడు.

"కరెక్టే."

"గా జాగలనే ఉండాలె."

"ఉంటడు."

"నాకు ఒక్క మాట చెప్తే నేను గూడ మానుకుందు గద" అన్నాడు. కోపం కాదు అది. వెనకబడిపోయినవాడి బాధ.

"ఇప్పుడు నేను చెప్తున్న. మానుకో. పేలుడైనా, సైరన్ అయినా ఉరుకు. గోడ దిక్కు పోకు."

అతను తలూపి లేచాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "రేపు ఇంకా లోతు తీస్త వదినె, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

అతను పోయాక శాలిని వచ్చి బిందెకు ఒక పక్క పట్టింది. ఇద్దరూ దాన్ని లోపలికి మోశారు. ఎందుకట్లా చెప్పావని తల్లి అడగలేదు, నువ్వెందుకు చెప్పావని కూతురూ అడగలేదు. యోబు వచ్చేసరికి ఒకరికొకరు ఎడంగా కూర్చుని ఉన్నారు. గుంతలోకి నీళ్లు దిగలేదనీ, టార్పాలిన్ మంచిదనీ ఆయన చెప్పాడు.

*

చివరినాడు వాన పడలేదు. షెడ్డు నిండా జనం. యోబు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. శవపెట్టెలో పరచడానికి కొన్న తెల్లబట్టను కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన సుసన్నా కూర్చుంది. ఉపేందర్ ఒకసారి అటుగా వచ్చాడు. ఆమెను చూసి, చూపు తిప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మేనేజరు వచ్చి షిఫ్టు మారేదాకా తవ్వుతామని, ఆ తరువాత తమ చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. చెయ్యగలిగినదంతా చేశామని కూడా అన్నాడు. యోబు ఆయనకు రెండు చేతులూ జోడించి, "దొరుకుతడు సారు" అని ధైర్యం చెప్పాడు.

సుసన్నా తవ్వకాన్ని చూస్తూ కూర్చుంది. మిషను చెయ్యి దిగుతుంది, మట్టిని కొరుకుతుంది, లేచి పక్కకు తిరిగి కుమ్మరిస్తుంది. కుమ్మరించిన మట్టిని గడ్డపారలతో ఇద్దరు మనుషులు కదిలించి చూస్తారు. లేదన్నట్టు చెయ్యి ఊపుతారు. మళ్లీ మిషను చెయ్యి దిగుతుంది. ఆమె అన్నీ చూసింది, ఒక్క దోసెడూ వదలకుండా. కుడివైపున నిట్టనిలువుగా నిలబడిన సగం గుట్ట, దాని కింద పేరుకున్న మట్టి కంటి కొసకు తగులుతూనే ఉన్నాయి. అటు తిరగాలని మెడ లాగుతోంది. ఆయన ఉన్నచోటును ఒక్కసారి తేరిపార చూసి, మనసులో ఒక మాట అనుకుంటే చాలు. కానీ పక్కన మామ ఉన్నాడు. చుట్టూ పాత బాయి మనుషులు ఉన్నారు. ఆమె ఎటు చూస్తే వాళ్లూ అటు చూస్తారు.

షిఫ్టు మారడానికి కొంచెం ముందు కింద కేక వినిపించింది. మిషను చెయ్యి గాలిలో ఆగింది. దాని పళ్లకు నల్లటిదేదో వేలాడుతోంది. గడ్డపారల వాళ్లు పరుగెత్తి పట్టుకుని లాగారు. పంపు నీళ్లు బయటికి పోసే రబ్బరు గొట్టం. పంపు నుంచి గని అవతలి దాకా పరిచి ఉండేది అది, దాని కొస అక్కడ దొరకడంలో వింత లేదు. అది ఎవరికీ తోచలేదు. షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి లేచి ఒడ్డుకు ఉరికారు.

"దొరికిండు" అన్నాడు యోబు. కాగితం పొట్లం ఒళ్లోంచి జారిపడింది. సుసన్నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వేడిగా ఉంది. "దొరికిండమ్మా. నేను చెప్పలే? దా. లే."

సుసన్నా లేచింది. అందరూ ఆమెకు దారి ఇచ్చారు. ఒడ్డు దాకా నడిచి, అందరూ చూస్తున్న చోటికే చూసింది.

కింద సదయ్య మిషను దిగాడు. మోకాళ్ల లోతు మట్టిలో దిగబడుతూ గొట్టం దగ్గరికి పోయి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. గడ్డపారల వాళ్లను దూరం జరగమన్నాడు. ఆ తరువాత అతనికి మళ్లీ ఏ అనుమానం వచ్చిందో, తలతిప్పి, నిలబడి ఉన్న సగం గుట్ట వైపు చూశాడు. అటే చూస్తూ నిలబడ్డాడు. గట్టయ్య కూడా తన మిషను ఆపి అటే చూశాడు.

సదయ్య తిరిగి షెడ్డు వైపు తలెత్తాడు. అంత దూరానికి ముఖం తెలియదు. కాళ్ల కింది మట్టిని చేత్తో చూపించి, ఆ చెయ్యి పైకెత్తి అడిగినట్టు ఊపాడు. ఇక్కడేనా?

సుసన్నా మామ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. పైకెత్తింది. అందరికీ కనపడేటట్టు, అక్కడే అన్నట్టు ఊపింది. సదయ్య మళ్లీ మిషను ఎక్కి, దాని చెయ్యి ఆ మట్టిలోకే దిగేదాకా ఆమె చెయ్యి దించలేదు.